తెరచాప పడవలో ఫ్రిజ్: ఎవరి మాట వినాలి?

ఉత్తరం సారాంశం

ఈ ఉత్తరం రాసినావిడ కాకినాడ దగ్గర్లో ఉంటారు. వయసు 56. చాలాకాలంగా షుగర్ ఉంది, నాలుగేళ్ల నుంచి ఇన్సులిన్ పెన్ను వాడుతున్నారు. భర్త సరుకు ఓడల్లో ఇంజిన్ పని చేసి రిటైరయ్యారు. ఎన్నాళ్లుగానో ఉన్న కోరిక కొద్దీ తాళ్లరేవు వడ్రంగుల చేత 34 అడుగుల చెక్క పడవ కట్టించుకుంటున్నారు. తెరచాప, చిన్న డీజిల్ ఇంజిన్, ఇద్దరు పడుకునే గది, ఒక మూల వంటగట్టు. సంక్రాంతి వెళ్లాక బయల్దేరి యానాం వైపు గౌతమి పాయలో కొన్నాళ్లు, తర్వాత సముద్రం మీదుగా అంతర్వేది దగ్గర వశిష్ఠలోకి వచ్చి నర్సాపురం దాకా, వీలైతే నిజాంపట్నం వరకూ వెళ్లి రావాలని ఆలోచన. రెండు నెలలు నీళ్ల మీదే కాపురం.

గొడవంతా ఫ్రిజ్ దగ్గర వచ్చింది. "మా ముత్తాత తెరచాప ఓడ మీద రంగూను వెళ్లాడు, ఆయనకి ఫ్రిజ్ ఉందా? ఐసు చాలు" అంటారు భర్త. భీమవరంలో ఎలక్ట్రికల్ షాపు ఉన్న తమ్ముడు 190 లీటర్ల ఫైవ్‌స్టార్ ఫ్రిజ్, ఇన్వర్టర్, రెండు ట్యూబులర్ బ్యాటరీలు ఉచితంగా ఇస్తానని అప్పుడే పక్కన పెట్టేశాడు. మెల్‌బోర్న్‌లో ఉన్న కొడుకు పడవల కోసమే చేసిన 150 లీటర్ల ఫ్రిజ్, ఫ్రీజర్ కలిసినది, పడవ అడుగున ఏటి నీళ్లతో చల్లబడే రకం, డబ్బు తానే కట్టి పంపిస్తానంటున్నాడు. పక్కింటివాళ్లేమో కారులో పెట్టుకునే చిన్న కూలర్ చాలంటున్నారు. "నా పడవలో కరెంటు షాపు పెడతావా" అని భర్త అనేసరికి తమ్ముడు రావడం మానేశాడు. కొడుకు డబ్బు తీసుకోవడం భర్తకు ఇష్టం లేదు. వంటగట్టు కట్టే వడ్రంగి మాత్రం "పెట్టె జాగా ఎంతో చెప్పండమ్మా, చెక్క కొట్టేయాలి" అని రోజూ అడుగుతున్నాడు. పడవలో ఇప్పటికి 100 వాట్ల సోలార్ ప్యానెల్ ఒకటి, లైట్ల కోసం 100 ఆంపియర్-అవర్ మామూలు బ్యాటరీ ఒకటి ఉన్నాయి. "నాకు ఈ ఆంపియర్లు తెలియవు. ఇన్సులిన్ సంగతేంటని అడిగితే ప్రయాణం వద్దంటున్నావా అంటారని భయం. ఎవరి మాట వినాలి?" అని ఆవిడ అడుగుతున్నారు.

సమాధానం

అమ్మా, మీరు ఆరు పేజీలు రాశారు. ఇన్సులిన్ మాట అయిదో పేజీలో ఒక్కసారి వచ్చింది, అదీ "ఇంకో చిన్న విషయం" అంటూ. నేను అక్కణ్ణుంచే మొదలుపెడతాను. మీవాళ్లు ముగ్గురూ ఏ యంత్రం కొనాలా అని వాదించుకుంటున్నారు. మందు మాట మీ అబ్బాయి ఒక్కడే ఎత్తాడు. అందులో పెట్టాల్సినవన్నీ ఏంటో మాత్రం మిమ్మల్ని ఎవరూ అడిగినట్టు లేదు.

ఆ పడవలో చల్లగా ఉండాల్సినవి మూడు రకాలు. మీ మందు ఒకటి. చేపలు, రొయ్యలు ఒకటి. పాలు, పెరుగు, కూరలు, మంచినీళ్లు ఇంకొకటి. ఈ మూడింటికీ కావాల్సిన చల్లదనం ఒకటి కాదు. అన్నిటికీ కలిపి ఒకే ఫ్రిజ్ అనుకోవడం వల్లే లెక్క మెల్‌బోర్న్ దాకా పోయింది.

ముందు మందు. మూత తీయని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మీరు రోజూ వాడుతున్న పెన్నుకి ఆ అవసరం లేదు. చాలా రకాలు 30 డిగ్రీల లోపు ఉంటే నాలుగు వారాల వరకు బయట ఉన్నా ఫర్వాలేదు. మీ రకానికి ఎన్ని రోజులు, ఎన్ని డిగ్రీలు అన్నది పెట్టెలోని కాగితం మీద రాసి ఉంటుంది. బయల్దేరే ముందు మీ డాక్టరు గారితో కూడా ఒకసారి చెప్పించుకోండి. ఇబ్బందల్లా ఏమిటంటే మార్చి మధ్యాహ్నం మూసిన పడవ గది 30 దాటిపోతుంది. తడిగుడ్డ చుట్టిన కుండలో పెడితే కొంత తగ్గుతుంది. కానీ మన ఏటి గాలిలో తేమ ఎక్కువ, రాయలసీమలో పనిచేసినట్టు ఇక్కడ కుండ పనిచేయదు. ఎండకన్నా ముఖ్యంగా భయపడాల్సింది ఇంకొకటుంది. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగి మళ్లీ మామూలుగా కనిపించినా పనికిరాదు. ఫ్యాక్టరీ నుంచి అప్పుడే తెచ్చిన ఐసు దిమ్మ సున్నా కంటే బాగా చల్లగా ఉంటుంది. దానికి ఆనించి పెన్ను పెడితే పోయినట్టే. ఫ్రిజ్ లోపలి చల్లటి పలకకు ఆనించినా అంతే.

కాబట్టి ఏ ఏర్పాటు చేసుకున్నా మందు ఒక మూత గల డబ్బాలో, పలకకు ఎదురువైపు గోడ దగ్గర, పక్కనే చిన్న థర్మామీటర్‌తో ఉండాలి. రెండు నెలల మందూ పడవలోనే మోసుకెళ్లక్కర్లేదు కూడా. మీరు వెళ్తున్నది అండమాన్ కాదు. యానాం, అమలాపురం, రాజోలు, నర్సాపురం, ఎక్కడ చూసినా మందుల షాపులున్నాయి. మూడు వారాలకు సరిపడా పడవలో, మిగతాది కాకినాడలో మీ ఇంటి ఫ్రిజ్‌లో ఉంచి, మధ్యలో ఎవరైనా తెచ్చి ఇచ్చే ఏర్పాటు చేసుకుంటే సగం భయం తగ్గుతుంది. పడవలో ఏది చెడినా ఒక రోజు గడవడానికి, ఏఎన్ఎంలు టీకాలు మోసుకొచ్చే నీలం డబ్బాలాంటిది ఒకటి పెట్టుకోండి. వాళ్లు ఐసు ప్యాకెట్లను ఫ్రీజర్‌లోంచి తీసిన వెంటనే వాడరు. కాసేపు బయట ఉంచి, ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చాక పెడతారు, టీకా గడ్డకట్టకుండా. మీకూ అదే పద్ధతి.

పక్కింటివాళ్ల కారు కూలర్ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. అందులో కంప్రెసర్ ఉండదు. కరెంటు పారితే ఒక పక్క చల్లబడి ఇంకో పక్క వేడెక్కే చిన్న బిళ్ల ఉంటుంది. బయటి వేడి కన్నా ఓ 18, 20 డిగ్రీలు తగ్గించడమే దాని శక్తి. బయట 36 ఉంటే లోపల 16. మీ మందుకు అది చాలదు. పైగా ఆగకుండా నాలుగైదు ఆంపియర్లు తింటుంది, రోజుకి వంద ఆంపియర్-అవర్లు దాటిపోతుంది (ఒక ఆంపియర్ గంటసేపు పారితే ఒక ఆంపియర్-అవర్). చిన్నదే కదా అని తక్కువ తింటుందనుకోకండి. నేను చెప్పబోయే వాటన్నిటిలో ఎక్కువ తినేది ఇదే.

ఇక చేపలు. ఈ ఒక్క విషయంలో మీ వారి మాటే రైటు. చేపకి ఫ్రిజ్ కన్నా ఐసు మంచిది. ఫ్రిజ్ నాలుగు డిగ్రీల దగ్గర ఉంటుంది, కరిగే ఐసు సున్నా దగ్గర ఉంటుంది. చేపకి ఆ నాలుగు డిగ్రీల తేడా చాలా ఎక్కువ. మన బోట్లవాళ్లు కిలో చేపకి కిలో ఐసు చొప్పున పొరలు పొరలుగా వేసేది అందుకే. కాకినాడ, అంతర్వేది, నర్సాపురం, నిజాంపట్నం, మీ దారిలో వేట బోట్లు ఆగే ప్రతి చోటా ఐసు దొరుకుతుంది. ఒక థర్మోకోల్ పెట్టె విడిగా చేపలకి ఇచ్చేయండి. వాసన కూడా మీ పాల దగ్గరికి రాదు. అసలు రేవులో పొద్దున్నే తాజా చేప దొరికే ఊళ్ల మధ్య తిరుగుతూ చేపని ఫ్రీజర్‌లో దాచుకోవడం ఎందుకో నాకు అర్థం కాదు. ఒక జాగ్రత్త: ఆ ఐసు మజ్జిగలో, నిమ్మరసంలో వేయకండి. అది ఏ నీళ్లతో కట్టిందో తెలియదు.

అలాగని అన్నిటికీ ఐసు చాలా అంటే, అక్కడ లెక్క కావాలి. ఇది మీకు అర్థం కానిదేమీ కాదు. రోజూ పాలు కాచేవాళ్లకు వేడి సంగతి ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

వడ్రంగి అడుగుతున్న పెట్టె లోపలి కొలత 50 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 40 లోతు అనుకుందాం. అంటే 80 లీటర్లు, ఇద్దరికి ధారాళం. బయట 34 డిగ్రీలు, లోపల 4. ఆ 30 డిగ్రీల తేడా వల్ల వేడి గోడల్లోంచి ఆగకుండా లోపలికి వస్తూనే ఉంటుంది. చుట్టూ రెండంగుళాల పఫ్ షీటు, అంటే వేడిని ఆపే గట్టి నురుగు పలక, వేస్తే వచ్చే వేడి సుమారు 20 వాట్లు. నాలుగంగుళాలు వేస్తే 12 వాట్లు. మూత తీయడం, వేడి నీళ్ల సీసాలు తెచ్చి పెట్టడం, మూత అంచు సందులు, వీటికి ఇంకో ఎనిమిది, పది వాట్లు కలపండి. అంటే పల్చటి పెట్టెకు 30, మందపు పెట్టెకు 20.

కిలో ఐసు కరిగేటప్పుడు 93 వాట్-అవర్ల వేడిని మింగుతుంది. మందపు పెట్టెకి రోజుకి అయిదు కిలోల చిల్లర ఐసు సరిపోతుంది. పల్చటి పెట్టె ఎనిమిది కిలోల దాకా తింటుంది. అదే కంప్రెసర్ పెడితే, మన ఎండల్లో అది ఒక వాట్ కరెంటు తీసుకుని 1.3 వాట్ల దాకా వేడిని బయటికి తోస్తుంది. ఆ లెక్కన మందపు పెట్టెకి 12 వోల్టుల మీద రోజుకి 30 ఆంపియర్-అవర్లు, పల్చటి దానికి 45. యంత్రం అదే. అదనంగా వేసిన రెండంగుళాల పఫ్ షీటు రోజూ 15 ఆంపియర్-అవర్లు మిగులుస్తుంది, అదీ చెడిపోకుండా, చప్పుడు చేయకుండా.

అందుకని ఏ యంత్రం అన్నది ఇంకో నెల తేలకపోయినా కొంప మునగదు. పెట్టె మాత్రం ఈ వారమే తేలాలి, ఎందుకంటే చెక్క కొట్టేశాక గోడ మందం పెంచలేరు. వడ్రంగికి ఇలా చెప్పండి. లోపలి కొలత ఎంత కావాలో అంత, చుట్టూ నాలుగంగుళాలు, అడుగున వీలైతే అయిదు. తలుపు పక్కన వద్దు, పైన మూత. చల్లటి గాలి బరువు, పక్క తలుపు తీయగానే కాళ్ల మీద పడిపోతుంది. పై మూత తీస్తే పెట్టెలోనే ఉంటుంది. పడవ ఒక పక్కకి ఒరిగినప్పుడు పెరుగు గిన్నె కిందికి రాకుండా ఉండటానికి కూడా పై మూతే నయం. మూతకి కూడా నాలుగంగుళాల మందం, రెండు వరసల రబ్బరు. సాధారణంగా మూతని పల్చగా వదిలేస్తారు, వేడంతా అక్కణ్ణుంచే దిగుతుంది. అడుగున నీళ్లు పోయే గొట్టం పెడితే దానికి ఒక వంపు ఇవ్వాలి, వంపులో నీళ్లు నిలిచి చల్లగాలిని ఆపుతాయి.

చెక్క పడవ కాబట్టి ఇంకో మాట. పఫ్‌ని పడవ పలకలకు ఆనించి అంటించవద్దని గట్టిగా చెప్పండి. మధ్యలో ఒక అంగుళం గాలి ఆడాలి. గాలిలో తేమ వెచ్చటి వైపు నుంచి చల్లటి వైపుకి వెళ్తుంది. పఫ్‌కి బయటి వైపు అతుకుల్లేని పాలిథిన్ కానీ, అల్యూమినియం రేకు కానీ లేకపోతే రెండు వర్షాకాలాలకు అది నీళ్లు తాగి వేడిని ఆపడం మానేస్తుంది, పక్కన చెక్క చివుకుతుంది. లోపల ఫైబర్ పని చేయిస్తారు కదా, అందుకే థర్మోకోల్ వాడనివ్వకండి. మన దగ్గర ఫైబర్ బోట్లకు వాడే మామూలు రెసిన్ తగిలితే థర్మోకోల్ కరిగిపోతుంది. పఫ్‌కి ఆ బాధ లేదు.

పెట్టె ఇలా కట్టించాక, మీ ముందు దారులు మూడు.

ఐసుతోనే వెళ్లడం మీ వారి దారి. జనవరి నుంచి మార్చి వరకు, ఊళ్లు తగులుతూ ఉంటే ఇది నడుస్తుంది. పాతిక కిలోల దిమ్మ వేస్తే నాలుగైదు రోజులు. కరెంటు లేదు, చెడేది లేదు. కానీ ప్రయాణం ఐసు వెంట నడుస్తుంది. మడ అడవుల పక్కన ఎక్కడో లంగరేసి వారం ఉందామనుకుంటే కుదరదు. పెట్టెలో నీళ్లు తోడుతూ ఉండాలి. ఆ పని ఎవరిదవుతుందో మీకు తెలుసు. వచ్చే ఏడాది వేసవిలో వెళ్దామంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. బోట్లు కదలనప్పుడు ఐసు ఫ్యాక్టరీకి గిరాకీ ఉండదు, మీకోసం దిమ్మ కడతారని నమ్మకం పెట్టుకోలేరు. మందుకి మాత్రం ఈ దారిలో మీరు ప్రతి రోజూ థర్మామీటర్ చూడాలి.

అదే పెట్టెలో 12 వోల్టుల కంప్రెసర్ కిట్ బిగించుకోవడం రెండో దారి. బ్యాటరీ మీదే నేరుగా నడిచే చిన్న కంప్రెసర్, లోపల ఒక పల్చటి చల్లటి పలక. చిన్న పడవల ఫ్రిజ్‌లలో ఎక్కువగా కనిపించే డాన్‌ఫాస్ బీడీ35 కంప్రెసర్ ఈ జాతిదే. ఇప్పుడు సెకాప్ పేరుతో వస్తుంది. తిరిగే వేగాన్ని బట్టి రెండున్నర నుంచి అయిదు ఆంపియర్ల దాకా లాగుతుంది, గంటలో కొంతసేపే తిరుగుతుంది, పడవ ఒరిగినా ఓర్చుకుంటుంది. రోజుకి మనం వేసుకున్న 30 ఆంపియర్-అవర్లు, అంటే 370 వాట్-అవర్లు. లైట్లు, ఒక ఫ్యాను, ఫోన్లు కలిపి 500 అనుకోండి. ఇప్పుడున్న 100 వాట్ల ప్యానెల్‌కి ఇంకో వంద కలిపితే సంక్రాంతి తర్వాతి ఎండల్లో రోజుకి 600 దాటి వస్తుంది. మబ్బు పట్టిన రోజు అందులో మూడో వంతు కూడా రాకపోవచ్చు. ఆ లోటు బ్యాటరీ తీర్చాలి. మీ మామూలు బ్యాటరీని సగానికి మించి వాడితే త్వరగా చచ్చిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం 100 ఆంపియర్-అవర్ అయితే నూటికి ఎనభై వంతులు వాడుకోవచ్చు, రెండు రోజుల మబ్బుని తట్టుకుంటుంది, బరువు పది, పన్నెండు కిలోలే. దాన్ని ఇంజిన్ ఆల్టర్నేటర్‌కి నేరుగా కలపకూడదు, మధ్యలో ఛార్జర్ ఉండాలి. కలిపితే చిన్న ఆల్టర్నేటర్ కాలిపోతుంది. ఈ మాట మీ వారికి చెబితే ఒక్క క్షణంలో అర్థమవుతుంది.

ఈ దారిలో ఖర్చు మొదట తగులుతుంది, తర్వాత తిరిగేటప్పుడు హాయి. చెడితే గ్యాస్ ఎక్కించే మెకానిక్ నర్సాపురంలో దొరుకుతాడు కానీ కంప్రెసర్ మీది ఎలక్ట్రానిక్ బోర్డు అక్కడ దొరకదు. ఒకటి అదనంగా కొని పెట్టుకోవాలి. ప్యానెళ్లని తెరచాప నీడ పడని చోట, వెనకవైపు పందిరిలా ఫ్రేము కట్టి పెట్టించండి. ప్యానెల్లో ఒక మూల స్తంభం నీడ పడ్డా కరెంటు సగానికి పడిపోవచ్చు. మీరు కూచోడానికి నీడ కూడా వస్తుంది.

మీ వారికి ఇంకో ఆలోచన రావచ్చు, ఓడల ఇంజిన్ మనిషి కదా. ఇంజిన్ బెల్టుతో కంప్రెసర్ తిప్పి, గడ్డకట్టే ద్రావణం నింపిన పలకలో రోజంతటికీ సరిపడా చలిని గంటలో నిల్వ చేసే పద్ధతి ఒకటుంది. బాగానే పనిచేస్తుంది. కానీ లంగరేసి ఊరికే కూర్చున్న రోజు కూడా గంటసేపు ఇంజిన్ తిప్పాలి. తెరచాప పెట్టించుకున్నదే ఆ చప్పుడు తప్పించుకోడానికి. సోలార్ ఇంత చౌకైన రోజుల్లో నేనైతే అటు వెళ్లను.

మూడోది మీ అబ్బాయి చెప్పిన పెద్దది. వస్తువు మంచిదే, ఊరు వేరు. ఫ్రీజర్‌కి లోపల మైనస్ 15 కావాలి. అదే సైజు ఫ్రిజ్ కన్నా రెండింతలకు పైగా కరెంటు తింటుంది. 400 వాట్ల ప్యానెళ్లు, రెండు లిథియం బ్యాటరీలు, వాటికి జాగా, బరువు. నీళ్లతో చల్లబరిచే పద్ధతి చల్లటి సముద్రంలో బాగా కలిసొస్తుంది. గోదావరి పాయల్లో నీళ్లే గోరువెచ్చగా ఉంటాయి, ఉప్పూ తీపీ కలిసే చోట పడవ అడుక్కి గుల్లలు పడతాయి, అవి ఆ చల్లబరిచే పలక మీద కూడా పడతాయి. నీళ్లు తోడే పంపు రకమైతే వరద రోజుల్లో ఒండ్రుతో జల్లెడ పూడిపోతుంది. అన్నిటికన్నా, కొత్త చెక్క పడవ అడుగున నీటి మట్టం కింద ఇంకో కన్నం పెట్టించడం. వద్దు. గాలితో చల్లబడే రకం చాలు. దాని వేడి గాలి బయటికి పోయే దారి, అడుగు నుంచి చల్లటి గాలి వచ్చే దారి ఉంచి, ఇంజిన్‌కి దూరంగా పెట్టిస్తే మిగతాది అదే చూసుకుంటుంది.

తమ్ముడి ఫ్రిజ్ ఈ మూడింటిలో ఎందుకు లేదో చెప్పాలి కదా. అది చెడ్డ ఫ్రిజ్ కాదు, ఆ రకంవి ఇంట్లో రోజుకి అర యూనిట్ లోపే కాలుస్తాయి. కానీ పడవలో దానికి ఇన్వర్టర్ కావాలి. ఫ్రిజ్ ఆగి ఉన్నప్పుడు కూడా ఇన్వర్టర్ తానుగా పది, ఇరవై వాట్లు తింటూనే ఉంటుంది, రోజుకి 240 నుంచి 480 వాట్-అవర్లు. అంటే ఫ్రిజ్ తిన్నంత ఇన్వర్టర్ కూడా తినేస్తుంది. దాని గోడలు పల్చన, తలుపు పక్కన, ఆ తలుపుని పట్టి ఉంచేది అయస్కాంతం రబ్బరు ఒక్కటే. అల ఒకటి గట్టిగా తగిలితే గుడ్ల ట్రే మీ ఒళ్లో ఉంటుంది. వెనక జాలీ ఉప్పుగాలికి రెండేళ్లలో తుప్పు పడుతుంది. ట్యూబులర్ బ్యాటరీలు ఒక్కొక్కటి యాభై కిలోల పైన, పడవ ఒరిగితే యాసిడ్ చిందుతుంది, ఛార్జయ్యేటప్పుడు మండే గ్యాస్ వస్తుంది, అది మీరు పడుకునే గది.

ఇదంతా తమ్ముడికి మీరు చెప్పకండి. వచ్చి పడవ చూడమనండి. కరెంటు తెలిసినవాడు, ఒక్కసారి లోపలికి దిగి నిలబడితే తనే తల ఊపుతాడు. ఆ పడవకి తమ్ముడు చేయగలిగినంత పని ఇంకెవరూ చేయలేరు. 12 వోల్టుల ఫ్రిజ్‌లు ఎక్కువగా ఆగిపోయేది కంప్రెసర్ చెడి కాదు, సన్నటి వైరు వల్ల. బ్యాటరీ నుంచి ఫ్రిజ్‌కి అయిదు మీటర్లు ఉంటే, ఒకటిన్నర ఎంఎం వైరులో అర వోల్టుకి పైగా దారిలోనే పోతుంది. తెల్లవారుజామున బ్యాటరీ కాస్త తగ్గగానే కంప్రెసర్ మొరాయించి ఆగిపోతుంది, ఇంటావిడ గ్యాస్ అయిపోయిందనుకుంటుంది. ఆరు ఎంఎం రాగి వైరు, తగరం పూత ఉన్నది, మధ్యలో అతుకులు లేకుండా, విడి ఫ్యూజుతో. ఆ వైరు, ఫ్యూజు బాక్సు, ఛార్జర్ తమ్ముడి చేత వేయించండి. ఇవ్వాలనుకున్నది ఇచ్చినట్టూ ఉంటుంది, పనికొచ్చేది ఇచ్చినట్టూ ఉంటుంది. ఆ ఫ్రిజ్ షాపులోనే అమ్ముకోమనండి. మీ వారు అన్న "కరెంటు షాపు" మాటకి మీరు క్షమాపణ చెప్పక్కర్లేదు. బావా బావమరదులు వైరు పట్టుకుని ఒక పూట పడవలో కూర్చుంటే అదే సర్దుకుంటుందని నా నమ్మకం. సర్దుకోకపోతే కనీసం వైరు సరిగ్గా పడుతుంది.

అబ్బాయి డబ్బు సంగతి కొంచెం నాజూకు. మీ వారు వద్దంటున్నది ఫ్రిజ్‌ని కాదనిపిస్తోంది, తన పడవకి కొడుకు డబ్బు కట్టడాన్ని. అది గౌరవించదగ్గదే. అబ్బాయి అడుగుతున్నది కూడా ఫ్రిజ్ కాకపోవచ్చు. అంత దూరంలో ఉండి అమ్మ మందు సంగతి ఆలోచిస్తున్న పిల్లాడు వాడు. మీ ఉత్తరంలో మందు గురించి మొదట అడిగింది వాడేనని మీరే రాశారు. అందుకని వాడికి మందు భాగం అప్పజెప్పండి. ఆ నీలం డబ్బాలాంటిది, మంచి థర్మామీటర్ రెండు, అదనపు కంప్రెసర్ బోర్డు. అది అమ్మ సామాను, పడవ సామాను కాదు. మీ వారు కాదనలేరు. అనుకుంటే అనొచ్చు, అప్పుడు కూడా అది మీ మందు అని చెప్పే హక్కు మీకుంది.

అసలు భయం, అడిగితే ప్రయాణం వద్దంటున్నావంటారన్నది. మీరు "ఇన్సులిన్ సంగతేంటి?" అని అడిగితే అది ప్రశ్న. ఆయన దాన్ని అభ్యంతరంగా వింటారు. "ఐసుతోనే వెళ్దాం, నా మందు 2 నుంచి 8 మధ్య ఎలా ఉంచుతారో మీరు చేసి చూపించండి" అంటే అది ఇంజిన్ మనిషికి పని. ముప్పై ఏళ్లు గేజీలు చూసిన చేతులకి థర్మామీటర్ ఇచ్చి చూడండి. ఇది కిటుకు అనుకోకండి. మందు చెడితే ముందు ప్రమాదం మీకు, ఆ మాట ఆయనకి తెలిసేలా చెప్పాల్సిందే. అలా చెప్పినా ఆయన పక్కకు నెట్టేస్తే మాత్రం, మొదటి విడత యానాం దాకా నాలుగు రోజులకే ఒప్పుకోండి, రెండు నెలలకి కాదు.

ఏ దారి అన్నది మీరూ ఆయనా కలిసి తేల్చుకోవాల్సిందే. నా మొగ్గు రెండోదాని మీద ఉందని మీకు తెలిసే ఉంటుంది. కానీ ఇప్పుడే డబ్బు పెట్టకండి. పెట్టె పూర్తయ్యాక, పడవ ఇంకా ఒడ్డున ఉండగానే, ఒక పని చేయించండి. ముందు రోజు రాత్రి కొంచెం ఐసు వేసి పెట్టె గోడల్ని చల్లబరచాలి. పొద్దున నీళ్లు తీసేసి, తూచిన ఇరవై కిలోల ఐసు వేసి మూత పెట్టాలి. రోజుకి ఓ పదిసార్లు మీరు వంట చేసేటప్పుడు తీసినట్టే మూత తీసి వేయండి, రెండు సీసాల నీళ్లు మార్చండి. సరిగ్గా 24 గంటలకి కరిగిన నీళ్లు తోడి కొలవండి. లీటరు నీళ్లంటే కిలో ఐసు. అయిదారు లీటర్లు వస్తే పెట్టె బాగా కుదిరింది, ఐసుతో వెళ్లినా, కంప్రెసర్ పెట్టినా మనం వేసిన లెక్క నిలుస్తుంది. తొమ్మిది, పది వస్తే మూత అంచులో కాగితం ముక్క పెట్టి మూసి లాగి చూడండి, సులువుగా జారి వచ్చిన చోట రబ్బరు సరిచేయించాలి. ఈ పరీక్షకి ఐసు మీ వారినే తెమ్మనండి. నీళ్లు కొలిచేది మాత్రం మీరు, కాగితం మీద రాసేదీ మీరు.